చిన్నతల్లి నవ్వు కింద సున్నం చుక్కలు

చీపురుపల్లిలో రైల్వే స్టేషన్ నుంచి సంతకెళ్ళే దారిలో సోములు ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ఏ మేడో అనుకునేరు. ముందు ఒక పెంకుటి గది, దాని వెనక చీకటిగది, ఆ వెనక సంసారం. ముందుగదిలో ఒక కుర్చీ, ఒక తెర. తెర మీద ఎవడో పెయింటరు వేసిన పూలతోట, తోట మధ్యలో మెట్లు, మెట్లెక్కితే ఏమీ లేదు. కొత్తగా పెళ్ళయిన జంట దగ్గర్నుంచి, పోయేలోపల ఒక గురుతు ఉంచి పోదామనుకునే ముసలమ్మ దాకా అందరూ ఆ మెట్ల ముందే కూర్చోవాలి. సోములు కెమెరా మీదికి వంగి, "ఒక్క మారు నవ్వాల" అనేవాడు. చుట్టుపట్ల ఆ మాట విననివాడు లేడు. వీధిలో పిల్లలు కూడా రెండు గుప్పిళ్ళు కళ్ళకు ఆనించుకుని, "ఒక్క మారు నవ్వాల" అని ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేవారు.

తెర ముందు తీసే ఫొటోలు పొట్టకి. సోములు ప్రాణమంతా బయట తీసే బొమ్మల్లో ఉండేది. కాస్త తీరిక దొరికితే చాలు, పైనుంచి వంగి చూసే రెండు కళ్ళ కెమెరా మెడలో వేసుకుని పొలాల మీద పడేవాడు. తాడిచెట్టెక్కే మనిషి పాదాలు, ఊడుపుల్లో వరసగా వంగిన వీపులు, శృంగవరపుకోట కొండల మీద పొద్దున్నే దిగే మంచు, ఏది కంటబడితే అది. నలభై అయిదేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే కెమెరా అద్దం తుడుచుకుంటూ కూర్చునేవాడు.

ఒకసారి రైల్లో కలిసిన కేలండర్ల సేల్స్‌మన్ ఆ బొమ్మలు చూసి, మద్రాసులో బొమ్మల కంపెనీ ఒకటుందని చెప్పాడు. పెళ్ళిళ్ళకి గుండిగలూ గంగాళాలూ అద్దెకిచ్చే షాపు ఉంటుందే, అచ్చం అలాంటిదే. ఫొటోలు పంపితే సొరుగుల్లో దాచి, పత్రికలవాళ్ళకీ కేలండర్లవాళ్ళకీ, ఎవరికి ఏ బొమ్మ కావాలంటే అది వాడుకోడానికిచ్చి, తీసినవాడికి ఒక వాటా పంపుతుంది. ఒకే బొమ్మ ఎన్నిసార్లయినా అమ్ముడుపోవచ్చు. సోములు తన బొమ్మలు మూటగట్టి పంపేశాడు. ఆరునెల్లకోసారి మద్రాసు నుంచి ఒక చీటీ వచ్చేది. ఫలానా నంబరు బొమ్మ ఇన్నిసార్లు పోయింది, అంతే. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నది అందులో ఉండదు. సోములూ అడగలేదు. ఎన్నిసార్లన్నది తెలిశాక ఇంకేం కావాలి మనిషికి?

చీటీ చదివేది సోములైనా లెక్క ఉంచేది మాత్రం వాళ్ళమ్మ లక్ష్మణమ్మ. ఆవిడ పొద్దున్నే చల్లకుండ నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే మనిషి. అక్షరం ముక్క రాదు. ఏ ఇంట్లో ఎన్ని గిద్దలు పోసిందో ఆ ఇంటి గుమ్మం పక్క గోడ మీద సున్నంతో చుక్కలు పెట్టి వస్తుంది. ఆ చుక్కల్ని కాదనే మొనగాడు చీపురుపల్లిలో లేడు. కొడుకు బొమ్మలకీ అదే పద్ధతి పెట్టింది. వెనకింటి గోడ నిండా మద్రాసు పంపిన ప్రతి ఫొటోకీ ఒక నకలు అంటించి ఉండేది. కొడుకు చీటీ చదువుతుంటే ఆవిడ చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, సున్నంకాయలో వేలు ముంచి, ఆ బొమ్మ కింద అన్ని చుక్కలూ పెట్టేది.

ఆ గోడ మహా నిర్దయగా ఉండేది. సోములు తెల్లవారకముందే వెళ్ళి చలిలో వణుకుతూ తీసుకొచ్చిన కొండ మంచు కింద ఒక్క చుక్క పడలేదు. గేదె మీద కాకికి రెండు పడ్డాయి.

"మంచు ఎవుడు కొంతాడ్రా? పొద్దెక్కితే పోతాది," అనేది లక్ష్మణమ్మ.

"నీకేటి తెలుసే అమ్మా," అని విసుక్కునేవాడు గానీ, రాత్రి పడుకునే ముందు లాంతరు ఎత్తి ఆ గోడ వంకే చూసుకునేవాడు. తనకి పనితనం ఉందో లేదో ఆ చుక్కలే చెప్పాలన్నట్టు చూసేవాడు, పిచ్చిమారాజు.

ఇక చిన్నతల్లి సంగతి. సోములు అక్క ఆ పిల్లని కని కన్నుమూసింది. తండ్రి మారుమనువు చేసుకుని ఒరిస్సా వైపు పోయి మళ్ళీ ఈ ఛాయలకి రాలేదు. సోములు మేనమామ అన్నది పేరుకే. స్నానం చేయించి, జడ వేసి, బడికి పంపి పెంచిన తండ్రి అతనే. అరవై అయిదో సంవత్సరం ఎండాకాలంలో లక్ష్మణమ్మకి జ్వరం తగిలితే చిన్నతల్లి చల్లకుండ ఎత్తుకుంది. ఆ రోజు సోములు తన పూలతోట తెరకి గంజి పెట్టి పెరట్లో ఆరేశాడు. చిన్నతల్లి కుండ నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి వస్తూ చూసేసరికి, పక్కింటి మేక ఒకటి తెర అంచు పట్టుకుని గంజి వాసనకి నములుతోంది.

"ఓలమ్మా! మావా, నీ పూలు మేక మేసేస్తన్నాది!" అని ఒక చేత్తో కుండ పట్టుకుని పకపకా నవ్వింది.

సోములు మేకని అదిలించలేదు. కెమెరా తీశాడు. నవ్వమని చెప్పకుండా అతను తీసిన నవ్వు అదొక్కటేనేమో. తెరకి జానెడు చిల్లు పడింది, ఆ చిల్లు కనబడకుండా కుర్చీ జరిపి ఆ తర్వాత ఎన్నేళ్ళో నడిపించాడు.

ఆ నవ్వు మద్రాసు వెళ్ళింది. మొదటి చీటీలోనే మూడు చుక్కలు. ఆ తర్వాతి చీటీకి లక్ష్మణమ్మ సున్నంకాయ ఖాళీ అయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ చుక్కలు వరస కింద వరసగా దిగి నేలకి తగిలాయి.

"నా మొకానికి ఎంత గిరాకీ మావా! మద్రాసోళ్ళకి పనేటీ నేదా?" అని చిన్నతల్లి తన చుక్కలు తనే పెట్టుకునేది.

"నీ మొకానికి కాదే గుంటా, మీ మావ సేతికి," అనేది లక్ష్మణమ్మ.

సోములుకీ లోపల అమ్మ చెప్పిందే నిజమని ఉండేది. ఇక కొండలూ మంచులూ మానేశాడు. నవ్వే ఆడపిల్ల ఎక్కడ కనిపించినా కెమెరా తిప్పేవాడు. ఏ పిల్లా చిన్నతల్లి అంత అమ్ముడుపోలేదు.

అరవై ఏడులో చిన్నతల్లికి పెళ్ళయింది. శృంగవరపుకోట అవతల కొండల కింది పల్లె. పెళ్ళికొడుకు జగన్నాధం. ఎకరం పల్లం, రెండెకరాల మెట్ట, మెట్టలో చోళ్ళు, నువ్వులు. నెమ్మదైన మనిషి. చిన్నతల్లి ఏ కూర వండినా, "బాగున్నాది" అని తినేవాడు. ఇంటి పెత్తనం తల్లి దేముడమ్మది. ఆవిడా రాక్షసేం కాదు. ఒక్కడే కొడుకు, మనవడిని ఎత్తుకోవాలన్న ఆశ, అంతే. ఏడాది చూసింది, రెండో ఏడాదీ చూసింది. ఉపవాసాలుంది, మొక్కులు మొక్కింది. కోడలి కడుపు పండలేదు.

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కుటుంబ నియంత్రణ ప్రచారమే. గోడలన్నిటి మీదా ఎర్ర త్రికోణాలు. గర్భం రాకుండా ఆడవాళ్ళకి లూప్ అని ఒకటి పెడతారని, అది పెట్టించుకుంటే ఇక పిల్లలే పుట్టరని, ఒంట్లో తిరుగుతుందని, ఊళ్ళల్లో ఒకటే గుసగుసలు. ఒకనాడు దేముడమ్మ శృంగవరపుకోట సంతకి వెళ్ళింది. బస్సులాగే చోట గోడ మీద కొత్త పోస్టరు అంటించి ఉంది. ఒక ఆడమనిషి చెరో పక్కా ఇద్దరు పిల్లల్తో నవ్వుతోంది. దేముడమ్మకి చదువు రాదు. పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి అడిగితే, "లూప్ వేయించుకున్నాను, హాయిగా ఉన్నాను అని రాసున్నాది పిన్నీ," అన్నాడు.

నవ్వుతున్నది తన కోడలు.

నెత్తి మీది కుండ చెరిపేసి, ఒక పక్క పిల్లాడి తల అతికించారు. రెండో పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అతికించినవాడికే తెలియాలి. ఆ మొహం మాత్రం చిన్నతల్లిదే, ఆ ఎడమ బుగ్గ మీద సొట్టతో సహా. దేముడమ్మ కొనాల్సినవి కొనకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

"నిజం సెప్పీ. పెళ్ళికి ముందే పెట్టించుకున్నావా?"

"ఏటి పెట్టించుకోడం అత్తా?" అంది చిన్నతల్లి.

"ఏటీ ఎరగనట్టు అడగతన్నావా! పెట్టించుకున్నానని ఊరూరా గోడెక్కి నవ్వతన్నావు కదే, నా కొడుకు గొంతు కోసీసి!"

అచ్చులో పడిన మాట అబద్ధమవుతుందని ఆ పల్లెలో ఎవరికీ తోచలేదు. దస్తావేజు అచ్చులో ఉంటుంది, పంచాంగం అచ్చులో ఉంటుంది, గజెట్టు అచ్చులో ఉంటుంది. బొమ్మ ఒకరిదీ మాట ఇంకొకరిదీ అవుతాయంటే నమ్మేదెవరు? చిన్నతల్లి ఎంత మొత్తుకున్నా గాలికి పోయింది. మర్నాడు జగన్నాధమే రేకుపెట్టె మోసుకుంటూ ఆమెని చీపురుపల్లి తెచ్చి దిగబెట్టాడు.

"నాకు నమ్మకమే మావా," అన్నాడు సోములు మొహం చూడలేక. "అమ్మకే, మనసు ఇరిగిపోయింది. వేరే సమ్మందం సూస్తన్నాది. పెద్దలు కూకునేలోపు ఏదైనా రుజువు తే. నీ కాళ్ళు పట్టుకుంతాను."

సోములు చేతి ఫొటో అది. చిన్నతల్లిని వెంటబెట్టుకుని మిషన్ ఆసుపత్రిలో నర్సు జ్ఞానసుందరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ పరీక్ష చేసి, "ఏమీ లేదయ్యా, ఎప్పుడూ పెట్టలేదు. పిల్ల ఆరోగ్యంగా ఉంది," అని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే దేముడమ్మ తిప్పికొట్టింది.

"పెట్టినోళ్ళే నేదంతే ఎలగ నమ్మీది? దొంగ సేతికి తాళమిచ్చినట్టు!"

చివరికి దీపావళి వెళ్ళాక పెద్దలు కూర్చోవాలని నిర్ణయమైంది. వాళ్ళలో ఆచారం ఏమిటంటే, పిల్ల తరఫున మాట్లాడాల్సింది మేనమామే. మేనమామ మాట నిలబడితే పిల్ల ఆ పూటే మొగుడి వెనక నడిచి వెళుతుంది. నిలబడకపోతే మొగుడు పుల్ల విరుస్తాడు, అక్కడితో తెగిపోయినట్టే.

సోములు అన్నం సహించక గోడకెదురుగా కూర్చున్నాడు. చుక్కల వంక చూస్తుంటే ఒక ఆలోచన తట్టింది. తట్టకుండా ఉంటే ఎంత బాగుండును! ఈ బొమ్మ కొన్నది లూప్ వాళ్ళొక్కళ్ళే కాదు గదా. ఇన్ని చుక్కలున్నాయే, ప్రతి చుక్కా ఒకడు కొన్నట్టు. ఒకడు టీ పొడికి కొని ఉంటాడు, ఒకడు సబ్బుకి కొని ఉంటాడు. టీ పొట్లం మీద బొమ్మ ఉంటే చిన్నతల్లి టీ అమ్మినట్టా? సబ్బు మీద ఉంటే సబ్బు చేసినట్టా? అవన్నీ తెచ్చి పెద్దల ముందు పరిస్తే, బొమ్మకీ మనిషికీ సంబంధం లేదని పసిపిల్లాడిక్కూడా అర్థమైపోదూ!

"అమ్మా! మన సుక్కలే సాక్ష్యం!" అని అరిచాడు.

వెంటనే మద్రాసుకి జాబు రాశాడు. ఫలానా నంబరు బొమ్మ ఎక్కడెక్కడ అచ్చయిందో అన్ని నమూనాలూ పంపమని, ఆడపిల్ల బతుకు దీని మీద ఆధారపడి ఉందని వేడుకున్నాడు. ఎప్పుడూ ఎవరూ అడగనిది అడిగాడని కాబోలు, వాళ్ళు మంచిమనసుతోనే ఒక పెద్ద కట్ట పంపారు. ఆ కట్ట విప్పిన రోజు ఆ ఇంట్లో పండగ చేసుకున్నారు. నేలంతా చిన్నతల్లే. టీ పొట్లం మీద, తలనూనె సీసా కాగితం మీద, ఎరువుల బస్తా మీద, లారీ టైర్ల కేలండరులో, చెన్నపట్నం పత్రిక అట్ట మీద, బీడీ కట్ట చుట్టూ అంటించే రంగుకాగితం మీద. ఒకచోట కుండ ఉంది, ఒకచోట పూలబుట్ట ఉంది, ఒకచోట రవికకి ఎర్రరంగు పులిమి పెదాలకి కూడా పులిమారు.

"నీ ఎంకమ్మా! ఇందులో నాకు జూకాలెట్టీసేరు!" అని చిన్నతల్లి చాలా రోజుల తరవాత నవ్వింది.

"ఇంతే మరి. ఒక గుంట ఇన్ని పనులు సేస్తాదేటి? ఎవుడైనా ఒప్పుకోవలసిందే," అన్నాడు సోములు.

చిన్నతల్లి రేకుపెట్టెలో చీరలు సర్దుకుంది. అత్తగారికి ఇష్టమని బెల్లం జీళ్ళు కూడా కొని పెట్టుకుంది. విజయనగరం దాకా రైలు, అక్కణ్ణుంచి శృంగవరపుకోట దాకా బస్సు, మళ్ళీ నడక. దారిపొడవునా ఆ కట్ట సోములు ఒళ్ళోనే ఉంది.

పెద్దలు రచ్చ అరుగు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక వారగా, మగవాళ్ళు నేల మీద. పెద్దమనిషి నరసింగరావు నాయుడు ఎవరి మాటైనా చివరి దాకా వినే మనిషి. జగన్నాధం ఒక స్తంభానికి ఆనుకుని తలొంచుకుని నిలబడ్డాడు. చిన్నతల్లిని చూసి ఒక్కసారి కళ్ళెత్తి, "తిన్నావా" అన్నట్టు తలాడించాడు. ఆ చూపుతో చిన్నతల్లికి కొండంత ధైర్యమొచ్చింది.

"మేనమావ సెప్పుకోవలసింది సెప్పుకోవచ్చు," అన్నాడు నాయుడు.

సోములు కట్ట విప్పాడు.

"బాబూ, ఈ గుంట లూప్ పెట్టించుకోనేదు. ఆ బొమ్మ నాను తీసేను. మద్రాసోళ్ళు దాన్ని ఎవుడికి కావలిస్తే ఆడికి ఇస్తారు. సూడండి, ఇది టీ పొట్లం. ఈ గుంట టీ తాగనే తాగదు. ఇది ఎరువుల బస్తా."

నాయుడు ఒక్కొక్కటే అందుకుని చూసి, "నిజమే, అదే మొకం," అని పక్కవాడికిచ్చాడు. తలలు ఊగుతున్నాయి. దేముడమ్మ కూడా మెడ చాచి చూసింది. అప్పటికి పని అయిపోయినట్టే. సోములు అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ ఇన్నేళ్ళ గోడ అతని లోపల ఉంది గదా. నలుగురు పెద్దలు తన బొమ్మ చేతుల్లో పట్టుకుని చూడటం అతని జన్మలో అదే మొదలు. ఛాతీ విరిచాడు.

"ఒకటీ రెండూ కాదు బాబూ! మా ఇంటి గోడ మీద సుక్కలు నేలకి దిగిపోనాయి. మద్రాసు, బెంగుళూరు, కలకత్తా! ఈ సుట్టుపట్ల ఇన్నిమార్లు అమ్ముడైన బొమ్మ ఇంకోటి నేదు. టైర్ల కేలండరు ప్రతి లారీ షెడ్డులోనూ ఉన్నాది. బీడీ కట్టలయితే లచ్చలు అచ్చేసేరంట!"

అరుగు మీద మాటలాగిపోయాయి. ఎక్కడ ఆగాయో సోములుకి తెలియలేదు. అతనింకా చెబుతూనే ఉన్నాడు.

నేల మీద కూర్చున్న మగవాళ్ళలో ఒకడు మొలలో దోపుకున్న బీడీ కట్ట పైకి లాగాడు. పాపం వాడిలో కల్మషం లేదు, ఆశ్చర్యం కొద్దీ లాగాడు. చెమటకి నానిపోయి, రంగు వెలిసి, సగం చిరిగిన కాగితం. ఎర్రపెదాలతో చిన్నతల్లి నవ్వుతోంది.

"ఓరి నీ! నా దగ్గరా ఉన్నాదిరా జగన్నాధం పెళ్ళాం!" అన్నాడు.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు తన మొల తడుముకున్నాడు. చూస్తుండగా మూడు నాలుగు కట్టలు బయటికొచ్చాయి. ఒకడు మరొకడి కట్ట లాక్కుని పోల్చి చూస్తున్నాడు. ఆడవాళ్ళు ముక్కుల మీద వేళ్ళేసుకున్నారు.

దేముడమ్మ లేచి నిలబడింది. ఈసారి అరవలేదు. అదే భయంగా ఉంది.

"లూప్ మాట ఒగ్గీండి బాబూ. ఆ మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను. నా కోడలు ఊరందరి మొలల్లోనూ ఉన్నాదని మేనమావే సెప్తన్నాడు. కలకత్తా దాకా ఉన్నాదంట. అమ్ముకున్నోడే సెప్తంతే ఇంకేటి రుజువు?"

"అది కాదమ్మా, బొమ్మ అమ్మేను గానీ..." అన్నాడు సోములు.

"పిల్లని పెంచీవా, పెట్టుబడి పెట్టీవా?"

పెనం మీంచి పొయ్యిలో పడేశాను నా తల్లిని, అని సోములుకి అప్పటికి తెలిసింది. గబగబా కాగితాలు పోగుచేయబోయాడు. కానీ అవి చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయాయి. కొన్ని దొరకలేదు కూడా.

నరసింగరావు నాయుడు జగన్నాధం వైపు తిరిగి, "నువ్వేటంతావు? లూప్ గొడవ నేదని తేలిపోయింది. నువ్వు ఏలుకుంతానంతే మేమెవరూ అడ్డు రాము," అన్నాడు. న్యాయంగానే అడిగాడు.

జగన్నాధం చిన్నతల్లి వంక చూడలేదు. ఆ బీడీ కట్టవాడి వంకే చూస్తున్నాడు. వాడు కాగితం సరిచేసుకుని, కట్ట మళ్ళీ మొలలో దోపుకున్నాడు. జగన్నాధం మొహం కందగడ్డలా అయిపోయింది. వంగి, కింద పడున్న కందిపుల్ల ఒకటి తీశాడు.

"బావా," అంది చిన్నతల్లి. అంతే అంది.

పుల్ల విరిగింది.

తిరుగు దారంతా చిన్నతల్లి జీళ్ళ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రైలు చీపురుపల్లి చేరబోతుంటే అప్పుడు నోరు విప్పింది.

"నువ్వు అలగ సెప్తన్నపుడు నీ మొకం ఎంత ఎలిగిపోయిందో మావా. నా పెళ్ళినాడు కూడా అంత ఎలగనేదు."

కొట్టినా బాగుండేది. సోములు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాడు.

ఇంటికొచ్చీ రాగానే మద్రాసుకి మళ్ళీ జాబు రాశాడు. ఆ బొమ్మ ఇక ఎవరికీ ఇవ్వద్దని, సొరుగులోంచి తీసేయమని బతిమాలాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఒకసారి ఇచ్చిన బొమ్మ మీద పంపినవాడికి హక్కు ఉండదట. అయినా తమ దగ్గర అంత బాగా పోయే బొమ్మ మరొకటి లేదట. ఆ రెండో మాట ఒకప్పుడైతే అతను అద్దం కట్టించి గోడకి తగిలించుకునేవాడు.

చిన్నతల్లి చల్లకుండ ఎత్తుకుంది. లక్ష్మణమ్మ ముసలిదైపోయింది, ఎవరో ఒకరు తిరగాలి గదా. "సల్లమ్మా, సల్ల!" అని అరుస్తూ పైట చెంగు ముక్కు దాకా లాక్కుని పోయేది. అయినా మగవాళ్ళు టీ దుకాణాల దగ్గర మాటలు ఆపి చూసేవారు. జగన్నాధానికి మాఘమాసంలో మళ్ళీ పెళ్ళయిందని సంతలో ఎవరో చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి అందరికీ అన్నం వడ్డించింది, తనూ తింది.

ఎండలు ముదిరాక ఆరునెల్ల చీటీ వచ్చింది. సోములు దాన్ని చదవకుండా చీకటిగదిలో దాచబోతే చిన్నతల్లి చేయి చాపింది.

"సదువు మావా."

"వద్దే. నా బాబే, వద్దు."

"సదువు. లెక్క లెక్కే."

చదివాడు. ఎన్నడూ లేనంత ఎక్కువ వచ్చింది ఆసారి. లక్ష్మణమ్మ సున్నంకాయ చీరకొంగులో దాచేసుకుని, "నాను ఎయ్యను. నా సెయ్యి పడిపోను!" అని ఏడుస్తూ మూలకి తిరిగి కూర్చుంది. చిన్నతల్లి ముసలిదాని కొంగు విప్పి సున్నంకాయ తీసుకుంది. గోడ మీద చోటు లేదు. నేల మీద గొంతుక్కూర్చుని, బొమ్మ కింద గోడ అంచు నుంచి మట్టినేల మీదికి ఒక్కొక్క చుక్కే పెట్టింది.

"ఇన్నిళ్ళకి ఎల్లేనన్నమాట," అంది వేలు తుడుచుకుంటూ. "ఇన్నిళ్ళలో ఒక్కిల్లూ నాది కాదు."

సోములు చీటీ మడవబోయాడు. చిన్నతల్లి బడికెళ్ళిన పిల్లే. కింద ఇంకా ఏదో రాసి ఉందని కనిపెట్టింది.

"ఆ అడుగునేటుంది?"

"ఏటీ నేదు."

"మావా."

అతను చెప్పక తప్పలేదు. ఈ బొమ్మ జనం బాగా చూసేశారట. అదే పిల్ల నవ్వుతున్న కొత్త బొమ్మ ఒకటి త్వరగా పంపమని రాశారు.

చిన్నతల్లి చేతులు కడుక్కుని, పైట సర్దుకుని, ముందుగదిలోకి వెళ్ళింది. మేక కొరికిన తెర ముందు, ఆ మెట్ల ముందు, కుర్చీలో కూర్చుంది.

"తియ్యి," అంది.

"ఒసే, ఎర్రిదానా! నెగు, నెగవే అక్కణ్ణుంచి!"

"తియ్యి మావా. ఇంక నాకు పోయీదేటున్నాది? ఎలగా నానే అమ్ముడవతన్నాను. ఇపుడైనా తెలిసి అమ్ముడవతాను."

ఎంత చెప్పినా లేవలేదు. గుమ్మంలో లక్ష్మణమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. సోములు కెమెరా తీసి మెడలో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో అతనికే తెలియదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, కుర్చీలో మనిషి కూర్చుంటే చేతులు వాటంతటవే కదిలాయి. వంగి పైనుంచి అద్దంలోకి చూశాడు. అద్దంలో చిన్నతల్లి ఉంది. ఎడమ బుగ్గ మీద సొట్ట ఉండాల్సిన చోట ఏమీ లేదు. కళ్ళు తిన్నగా అతన్నే చూస్తున్నాయి.

"సెప్పు మరి," అంది. "అందరికీ సెప్తావు కదా. నాకూ సెప్పు."

సోములు పెదాలు కదిలాయి గానీ నోట్లోంచి ఆ మాట రాలేదు. అద్దం మీద తన కన్నీటి చుక్కలు పడి, ఆ పిల్ల మొహం అలుక్కుపోయేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.